లేదనడం, తెలియదనడం

నేను చేసిన ఉద్యోగానికి తెలుగులో పేరు లేదు. టెక్నికల్ రైటర్ అంటారు. ఇంజనీర్లు సాఫ్ట్‌వేర్ తయారుచేస్తారు, దాన్ని ఎలా వాడాలో నేను రాస్తాను. చాలా ఏళ్ళు హైదరాబాదులోనూ, చివరి కొన్నేళ్ళు నరసరావుపేటలో ఇంటి నుంచీ ఇదే పని చేసి రిటైరయ్యాను.

ఈమధ్య మా చర్చికి వచ్చే ఒకావిడ కూతురు ఇదే ఉద్యోగంలో చేరుతూ నన్ను అడిగింది. "ఆంటీ, ఇప్పుడు మనుషుల కోసం కాదంట, ఏఐ ఏజెంట్ల కోసం రాయాలంట. మిషను చదివేదానికి అంత రాసేదేముంటది?"

ఆ పూట సరిగ్గా చెప్పలేకపోయాను. వాళ్ళమ్మ తొందరపెడుతోంది, బయట ఆటో నిలబడి ఉంది. ఆ అమ్మాయి కోసమూ, ఆమెలా కొత్తగా వచ్చేవాళ్ళ కోసమూ ఇప్పుడు రాస్తున్నాను. జీతాలూ ప్రమోషన్లూ గురించి ఇందులో ఏమీ లేదు. అవి ఆఫీసువాళ్ళే చెబుతారు.

చక్రపాణి గారు

నా మొదటి బాసు చక్రపాణి గారు. ఆస్పత్రుల్లో రోగుల పేర్లు నమోదు చేసే సాఫ్ట్‌వేరుకు మాన్యువల్ రాయమన్నారు. రాసి తీసుకెళితే మొదటి పేజీ కూడా తిప్పలేదు.

"ఇది ఎవరు చదువుతారు?" అన్నారు.

"రిజిస్ట్రేషన్ కౌంటర్లో క్లర్కులు సార్."

"వాళ్ళలో ఒకరి పేరు చెప్పు."

చెప్పలేకపోయాను.

"అయితే వెళ్ళి కూర్చునిరా. తర్వాత రాద్దువుగాని."

మీ వైపేగా అని నరసరావుపేటలో ఒక ఆస్పత్రికే పంపారు. అక్కడ కౌంటర్లో ఉన్నావిడ మా పాత మాన్యువల్ని తెర ఎత్తు సరిపోవడం కోసం కంప్యూటరు కింద పెట్టుకుంది. నేను ఎవరో తెలిశాక నవ్వింది కానీ, పుస్తకం మాత్రం తీయలేదు. వారం రోజులు ఆమె పక్కనే స్టూలేసుకుని కూర్చున్నాను. తిరిగొచ్చి రాసిన మాన్యువల్ చివర నా డెస్కు ఫోన్ నంబరు వేయించారు చక్రపాణి గారు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఫోన్లు వచ్చేవి. ఒంగోలు నుంచి, మాచర్ల నుంచి, నల్గొండ నుంచి. సగం మంది తిట్టడానికే చేసేవాళ్ళు. "ఏందమ్మా నువ్వు రాసింది, రెండో బొమ్మకీ ఇక్కడ కనపడేదానికీ పొంతనే లేదు" అని ఒకాయన అరగంట అరిచి, చివరికి మాది ఏ ఊరని అడిగి, గురజాల అంటే, "మా చెల్లెల్ని ఇచ్చింది అక్కడే" అని చల్లబడ్డాడు.

చక్రపాణి గారు దేవుడేమీ కాదు. కోపిష్టి. ఎవరి ముందున్నా నోరు జారేవారు. ఆయన దగ్గర పనిచేసిన ఇద్దరు ఏడ్చుకుంటూ మానేశారు. ఇప్పటి రోజుల్లో అలాంటి మనిషిని బాసుగా ఉంచరు, ఉంచకూడదు కూడా. కానీ, రాసిన ప్రతి వాక్యానికీ అవతలి కొసన ఒక మనిషి ఉంటాడని నాకు నేర్పింది ఆయనే.

చదివేవాళ్ళు మారారు

తర్వాత కంపెనీ ఇంటి నుంచే పని చేసుకోమంది. హైదరాబాదులో ఉండాల్సిన అవసరం పోయింది. మా నాన్న గురజాలలో క్రైస్తవ మిషనరీల బడిలో మాస్టరు. ఆయనా అమ్మా పోయి చాలా కాలమైంది. అక్కడ మాకు ఇల్లు లేదు. నేను పెళ్ళి చేసుకోలేదు. తెలిసిన ఊరు కదా అని నరసరావుపేట బరంపేటలో మేడమీద రెండు గదులు అద్దెకు తీసుకున్నాను.

కొత్త మేనేజరు నిఖిల బెంగళూరులో ఉండేది. నా వయసులో సగం ఉంటుంది. చురుకైన పిల్ల. మొదటి మీటింగులోనే, "రత్నం మేడమ్, ఇకమీద మాన్యువల్స్ ఉండవు. మన రీడర్ ఏజెంట్" అంది.

ఏజెంటంటే ఏమిటో తెలియనివాళ్ళకు చెబుతాను. రోగి ఒక నంబరుకు ఫోన్ చేస్తాడు. అవతల మనిషి ఉండదు, ఒక ప్రోగ్రామ్ తెలుగులో మాట్లాడుతుంది. అదే ఏజెంటు. మాట్లాడగలదు కానీ, పని చేయాలంటే దానికి టూళ్ళు కావాలి. ఖాళీలు చూడటానికి ఒకటి, బుక్ చేయడానికి ఒకటి, రద్దు చేయడానికి ఒకటి. వీటిని ఇంజనీర్లు తయారుచేసి దాని ముందు పెడతారు. ఏ టూలు దేనికి, ఎప్పుడు వాడాలి, ఎప్పుడు వాడకూడదు, దానికి ఏమివ్వాలి, అది తిరిగి ఏమిస్తుంది అనేది కొద్ది వాక్యాల్లో రాసిపెట్టడం నా పని. ఆ టూలు గురించి ఏజెంటుకు తెలిసేదంతా ఆ కాసిని వాక్యాలే.

మనిషికి అర్థంకాకపోతే ఆగుతాడు. పక్కవాణ్ణి అడుగుతాడు, విసుక్కుంటాడు, ఫోన్ చేసి తిడతాడు. ఏజెంటు ఆగదు. మీరు చెప్పకుండా వదిలేసినచోట తనే ఒకటి ఊహించుకుని, అదే గొంతుతో, అదే మర్యాదతో ముందుకు వెళ్ళిపోతుంది. తను ఊహించుకున్నట్టు మీకు తెలియదు, ఫోన్‌లో ఉన్న రోగికి అసలే తెలియదు.

నాకు ఫోన్లు ఆగిపోయాయి. ఆన్‌లైన్ మీటింగుల్లో ఎవరూ మొహాలు చూపించరు. నల్లటి గళ్ళల్లో పేర్ల మొదటి అక్షరాలు కనపడతాయి. నా వాక్యాలు రోజుకు ఎన్ని వేలసార్లు చదవబడుతున్నాయో కంప్యూటరు చూపించేది. చదివినవాళ్ళు ఒక్కరూ మాట్లాడరు. సోమవారం నుంచి శనివారం దాకా గొంతు వాడే పనే ఉండేది కాదు. ఆదివారం చర్చిలో మొదటి పాటకే బొంగురుపోయేది.

కింద వాటాలో ఇంటావిడ ఆదెమ్మ ఉండేది. ఒకరోజు మేడ మీదికి వచ్చి బట్టలారేస్తూ అడిగింది.

"పొద్దస్తమానం ఏం రాస్తన్నావు రత్నమక్కా? ఎవురు చదువుతారు?"

"మిషను చదువుద్ది ఆదెమ్మా."

"చదివి ఏమంటది?"

"ఏమీ అనదు."

ఆమె ఖాళీ బకెట్టు అందుకుని, "పోనీ నువ్వు కిందికి రా, టీ పెడతా" అంది. వెళ్ళాను. కానీ ప్రతిరోజూ వెళ్ళలేం కదా.

ఏ నంబరు?

మా సాఫ్ట్‌వేరు వాడేవాళ్ళలో డయాలసిస్ కేంద్రాలు నడిపే ఒక సంస్థ ఉండేది. నరసరావుపేట, గురజాల, మాచర్ల అన్నిచోట్లా వాళ్ళకు కేంద్రాలున్నాయి. కిడ్నీలు పనిచేయనివాళ్ళు వారానికి రెండుమూడుసార్లు వచ్చి, మిషను పక్కన పడుకుని రక్తం శుద్ధి చేయించుకుపోవాలి. పెళ్ళయినా చావయినా ఆ రోజు మానడానికి లేదు. ఒంట్లో నీరు చేరకుండా మధ్య రోజుల్లో మంచినీళ్ళు కూడా కొలుచుకుని తాగాలి.

మొదట్లో రోగి వివరాలు చూసే టూలుకు, నాకంటే ముందు ఎవరో, "రోగి నంబరు ఇవ్వాలి" అని రాసిపెట్టారు. ఏ నంబరు? రాసినవాళ్ళకు తెలుసు. ఏజెంటు మాత్రం ఫోన్ నంబరు ఇచ్చేది. టూలు ఆ నంబరుతో ఎవరూ లేరనేది. ఏజెంటు ఎంతో మర్యాదగా, "మీ పేరు మా దగ్గర నమోదు కాలేదండీ" అనేది. రెంటచింతల దగ్గర నుంచి ఒక ముసలావిడ ఆ మాట విని, ఉచిత వైద్యం జాబితాలోంచి తన పేరు కొట్టేశారని బెంబేలుపడి, చెప్పులు కూడా వేసుకోకుండా కేంద్రానికి వచ్చి కూర్చుందట.

"రోగి కార్డు మీద పేరు కింద ఉండే నంబరు. ఫోన్ నంబరు కాదు, ఆధార్ నంబరు కాదు. రోగి దగ్గర కార్డు లేకపోతే పేరూ ఊరూ అడుగు" అని మార్చాను. ఆ ఫిర్యాదులు ఆగిపోయాయి. ఇలాంటి పనే రోజూ ఉంటుంది. గొప్పగా ఉండదు. ఎవరూ మెచ్చుకోరు. మీకు తెలిసిందల్లా చదివేదానికీ తెలుసని అనుకోకుండా ఉండటమే దీంట్లో ముప్పాతిక వంతు.

మాచర్లలో ఖాళీలు

ఇప్పుడు చెప్పబోయేది మిగతా పావు వంతు.

గురజాల కేంద్రంలో మిషన్లకు నీళ్ళు శుభ్రంచేసే ప్లాంటు చెడిపోయింది. అక్కడి రోగుల్ని ఫోన్ చేసి వేరే కేంద్రంలో టైము తీసుకోమన్నారు. వాళ్ళల్లో కోటయ్య అనే ఆయన ఒకరు. గురజాల పక్క పల్లెలో రైతు. ఒకప్పుడు ఊరికి సర్పంచి. ఆయన భార్య సీతమ్మ ఫోన్ చేసింది. నరసరావుపేటలో నిజంగానే నిండిపోయింది. మాచర్లలో చూడమంది. ఏజెంటు చూసి, "ఈ వారం మాచర్లలో ఖాళీలు లేవండీ. సోమవారం మళ్ళీ ప్రయత్నించండి" అని చెప్పింది.

మర్నాడు మళ్ళీ చేసింది. మళ్ళీ అదే జవాబు. ఆదివారం నాటికి కోటయ్యకు ఒంట్లో నీరు చేరి, ఊపిరాడక, పడుకోలేక, కారులో నరసరావుపేట తీసుకొచ్చారు. ఆస్పత్రిలో వెంటనే డయాలసిస్ చేసి బతికించారు.

ఆ రోజుల్లో మాచర్ల కేంద్రంలో పడకలు ఖాళీగానే ఉన్నాయి. రోడ్డు తవ్వేవాళ్ళు కేబులు తెంపడంతో కేంద్రానికి ఇంటర్నెట్ లేదు. ఖాళీలు చూసే టూలు మాచర్లను అడిగింది, జవాబు రాలేదు. జవాబు రానప్పుడు ఆ టూలు ఒక ఖాళీ జాబితా తిరిగిచ్చేది. అన్నీ నిండిపోయినా అదే ఖాళీ జాబితా. ఏజెంటు చూసి, లేవని చెప్పింది.

ఆ టూలుకు వివరణ రాసేటప్పుడే నేను ఇంజనీర్లను అడిగాను, కేంద్రం నుంచి జవాబు రాకపోతే ఏమిస్తుందని. "అట్లాంటిది జరగదు మేడమ్" అని ఒకే ఒక్క లైను సమాధానం వచ్చింది. మళ్ళీ అడిగితే సమాధానమే రాలేదు. విడుదల తేదీ దగ్గరపడింది, అలాగే వెళ్ళిపోయింది. మనం ఒక ప్రశ్న అడిగాక జవాబు రాకపోతే, అక్కడే ప్రమాదం ఉందని గుర్తుపెట్టుకోండి. తెలిసినవాళ్ళు ఠకీమని చెబుతారు.

సోమవారం ఫిర్యాదు మెయిల్లో ఇదంతా చదివాను. రోగి ఉన్న ఆస్పత్రి పేరు కూడా అందులోనే ఉంది. మా వీధి చివర నుంచి నడిచి వెళ్ళేంత దూరం.

నేను ఎవరికీ చెప్పకుండా వెళ్ళాను.

కోటయ్య, సీతమ్మ

ఆయన మంచం మీద దిళ్ళకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. పెద్ద మనిషి, మీసాలు తెల్లబడినా తలెత్తుకునే ఉన్నాడు. పక్కన స్టూలు మీద సీతమ్మ బత్తాయి ఒలుస్తోంది.

"ఎవురమ్మా నువ్వు? చర్చోళ్ళా? ప్రార్థన చేయటానికొచ్చావా?" అంది.

"కాదండీ. ఆ ఫోనులో మాట్లాడుద్దే, దానికి మాటలు రాసే కంపెనీలో చేస్తాను."

ఒలుస్తున్న చెయ్యి ఆగింది. "అయితే నువ్వేనా లేవని చెప్పిచ్చింది?"

కేబులు సంగతి, ఖాళీ జాబితా సంగతి నాకు చేతనైనట్టు చెప్పాను. ఆమె సగంలోనే అందుకుంది.

"రెండు మాట్లు చేశానమ్మా నేను. అండీ అండీ అంటా ఎంత మర్యాదగా చెప్పింది! అట్టా చెప్తే అబద్ధం అనుకుంటామా ఎవురమన్నా?"

కోటయ్య అప్పటిదాకా నన్నే చూస్తున్నాడు. గొంతులో ఇంకా ఆయాసం ఉంది.

"లేవంటే లేవనుకున్నా. నోట్లో నీళ్ళు కూడా పోసుకోకుండా నాలిక ఎండబెట్టుకుని కూసున్నా. తెలవదని ఒక్క మాట చెప్పినట్టయితే, మా పాలేరుని బండెక్కించి మాచర్ల తోలేవాణ్ణి గదా! యాడో ఒకచోట చూసుకునేవాణ్ణి గదా!"

"అవునండీ," అన్నాను.

"అవునంటే ఏంది? నువ్వు చదువుకున్నదానివి. లేకపోటం, తెలవకపోటం రెండూ ఒకటేనా?"

"ఊరుకోయ్యా, ఆయాసం వచ్చుద్ది," అని సీతమ్మ ఆయన రొమ్ము మీద చెయ్యి వేసింది. తర్వాత నా వైపు తిరిగి, ఏమనుకుందో, బత్తాయిలో సగం నా చేతిలో పెట్టింది. "తిను. ఎండన పడి వచ్చావు."

నేను దాన్ని తినలేక, పారేయలేక, ఇంటి దాకా చేతిలోనే పట్టుకుని వచ్చాను.

రాసి కప్పలేనిది

మీటింగులో ఇంజనీరు దారి చూపించాడు. "డిస్క్రిప్షన్లో ఒక లైన్ యాడ్ చేయండి మేడమ్. ఖాళీ జాబితా వస్తే కనెక్షన్ పోయి ఉండొచ్చు అని. అయిపోతుంది."

"అయిపోదు. నిండినా అదే జాబితా, జవాబు రాకపోయినా అదే జాబితా. రెండూ ఒకేలా ఉంటే, నేను ఎంత రాసినా ఏజెంటు ఏదని చెబుతుంది? టూలే రెండు వేరు వేరు జవాబులివ్వాలి."

"టూల్ మారిస్తే మళ్ళీ టెస్టింగ్ మేడమ్," అంది నిఖిల. "కొత్త వెర్షన్ రిలీజ్ వచ్చే వారం."

"అయితే ఆ లైను నేను రాయను. వేరేవాళ్ళతో రాయిస్తే, దానిమీద నా పేరు తీసేయండి."

నేను ఉద్యోగంలో అలా మాట్లాడటం అదే మొదలు.

సాయంత్రం నిఖిల విడిగా ఫోన్ చేసింది. "మీరు చెప్పింది కరెక్టే మేడమ్. కానీ అందరి ముందూ అలా అన్నారు." కోటయ్య ఏమన్నాడో చెప్పాను. సీతమ్మ అన్నదీ చెప్పాను.

"మీరు వాళ్ళ దగ్గరికి వెళ్ళారా?"

"మా ఇంటికి దగ్గరేనమ్మా."

"లీగల్ వాళ్ళకు తెలిస్తే గొడవవుతుంది మేడమ్. వెళ్ళినట్టు ఎక్కడా మెయిల్లో పెట్టకండి."

విడుదల వాయిదా పడింది. పైవాళ్ళ దగ్గర మాటపడింది నిఖిలే అని తర్వాత తెలిసింది. ఆమె నాకు ఆ సంగతి చెప్పలేదు. ఆమె గురించి మీరు ఏమైనా అనుకునే ముందు ఇది కూడా తెలుసుకోవాలి.

టూలు మార్చాక నేను ఇలా రాశాను. రాసింది ఇంగ్లీషులో, ఇక్కడ తెలుగులో చెబుతున్నాను: "ఖాళీల జాబితా వస్తే చదివి వినిపించు. 'నిండింది' అని వస్తే ఖాళీలు లేవని చెప్పు. 'జవాబు రాలేదు' అని వస్తే, ఖాళీలు ఉన్నాయో లేదో మనకు తెలియదు. తెలియదనే చెప్పు. లేవని చెప్పవద్దు. వెంటనే మనిషితో కలుపు, కేంద్రం నంబరు కూడా ఇవ్వు. డయాలసిస్ ఆలస్యమైతే ప్రాణానికి ముప్పు."

ఆ చివరి వాక్యం ఎందుకని ఇంజనీరు అడిగాడు. ఏం చేయాలో పైనే చెప్పారు కదా అన్నాడు. ఎందుకు చేయాలో కూడా చెబితే, మనం ఊహించని సందర్భం వచ్చినా ఏజెంటు సరైన వైపుకు మొగ్గుతుంది. నా అనుభవంలో ఇది చాలాసార్లు చూశాను. ఆజ్ఞ ఒక్కటే రాస్తే అక్కడికే పనికొస్తుంది.

పరీక్షించడం కూడా నేనే చేశాను. గదిలో కూర్చుని రకరకాల మనుషుల్లాగా ఏజెంటుతో మాట్లాడాను. కోపంగా ఉన్న రైతులాగా, చెవులు సరిగా వినపడని ముసలమ్మలాగా. "గురజాల్లో మిషను పాడయిందంట, మాచర్లలో ఉందేమో చూడయ్యా" అని గట్టిగా అంటుంటే కింద నుంచి ఆదెమ్మ కేకేసింది.

"ఎవురొచ్చారక్కా? చుట్టాలా?"

"ఎవురూ రాలేదు ఆదెమ్మా," అన్నాను.

ఆ మాట అన్నాక కాసేపు పని చేయలేకపోయాను.

తర్వాత

ఆ గొడవ తర్వాత నన్ను పెద్ద మీటింగులకు పిలవడం తగ్గింది. రిటైర్మెంటు తర్వాత ఇంకో ఏడాది కాంట్రాక్టు ఇస్తామన్న మాట మళ్ళీ రాలేదు. ఆఖరి రోజున నిఖిల కెమెరా పెట్టుకుని మాట్లాడింది. అన్నేళ్ళలో ఆమె మొహం చూసింది అప్పుడే. కళ్ళద్దాలు పెట్టుకుంటుందని కూడా నాకు తెలియదు. మిగతావాళ్ళు పువ్వుల బొమ్మలు పంపారు. లాప్‌టాప్ తీసుకుపోవడానికి కొరియర్ మనిషి వచ్చాడు. దాంతో ఉద్యోగం అయిపోయింది.

కోటయ్య గురజాల ప్లాంటు బాగయ్యేదాకా నరసరావుపేటలో ఆ ఆస్పత్రిలోనే డయాలసిస్ చేయించుకున్నాడు. ఆ రోజుల్లో నేను వెళ్ళి బయట వరండాలో సీతమ్మ పక్కన కూర్చునేదాన్ని. లోపల ఆయన నర్సులకు పంచాయతీ రాజకీయాలు చెబుతుంటే మాకు వినపడేది. నా మీద కోపం ఎప్పుడు పోయిందో తెలియదు. ఒకసారి మాత్రం, "ఏమ్మా, మీ మిషను ఇప్పుడు నిజం చెబుతందా?" అని అడిగాడు. తెలియనప్పుడు తెలియదని చెబుతోందన్నాను. "చానా నయం. మా ఊళ్ళో పెద్దమనుషులకే రాదు ఆ మాట," అని నవ్వాడు.

ఆ మరుసటి ఎండాకాలం గుండె ఆగి చనిపోయాడు. అప్పట్లో ఆ వారం డయాలసిస్ తప్పినందుకే ఇలా అయిందా అని ఆయన్ను చూసిన డాక్టరును అడిగాను. చెప్పలేమమ్మా అన్నాడు. అంతకు మించి ఎవరూ చెప్పలేరు. నేను ఆ జవాబుతోనే ఉండాలి.

కొత్తగా వచ్చే మీకు చెప్పేది ఇదే. మీ వాక్యాలు చదివేది యంత్రమే అయినా, వాటి ఫలితం చేరేది ఎవరో ఒకరి ఇంటికి. ఆ ఇంటివాళ్ళను ఏడాదికి ఒక్కసారైనా చూసి రండి. ఆఫీసు పంపదు, మీరే వెళ్ళాలి. వాళ్ళు తిడితే పడండి. పనిలో ఒంటరితనం మాత్రం పోదు. పోతుందని నేను అబద్ధం చెప్పను. రోజంతా జవాబివ్వనిదానికి చెబుతూ కూర్చునే పని ఇది. పెళ్ళాం పిల్లలున్నవాళ్ళకు కూడా అలాగే ఉంటుందని ఒకరిద్దరు నాతో చెప్పారు.

మొన్న ఒక మధ్యాహ్నం ఫోన్ మోగింది. సీతమ్మ. పెద్దకర్మ తర్వాత మేము మాట్లాడుకోలేదు.

"ఏం సీతమ్మా, అంతా బాగేనా? ఏమన్నా కావాలా?" అన్నాను కంగారుగా.

"ఏం వద్దక్కా. ఊరికే చేశా."

"మంచి పని చేశావు."

"అన్నం తిన్నావా?"

"తిన్నాను. నువ్వో?"

"తినాలి."

అవతల వాళ్ళ ఇంట్లో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినపడుతోంది. ఎవరో వీధిలో గేదెను అదిలిస్తున్నారు.

"ఉంటానక్కా," అంది సీతమ్మ.

"ఉండు," అన్నాను.

ఆమె ఫోన్ పెట్టేయలేదు. నేనూ పెట్టేయలేదు.